స్తంభాన్ని నిలబెట్టే చిన్న రింగు

భూకంపం కాంక్రీటు భవనాన్ని ఊపినప్పుడు లోపలి ఉక్కు కడ్డీకి ఏమవుతుంది? ఎంతో బలమైనదని నమ్మిన కడ్డీ ఎందుకు వంగుతుంది, ఎందుకు తెగుతుంది? దానిని కాపాడేది ఏమిటి?

1971 ఫిబ్రవరి 9వ తేదీ, ఉదయం ఆరు గంటలు. అమెరికాలో లాస్ ఏంజిలస్ నగరానికి ఉత్తరాన ఉన్న సాన్ ఫెర్నాండో లోయ ఇంకా నిద్ర లేవలేదు. అంతలో భూమి కంపించింది. తీవ్రమైన ప్రకంపన సాగినది కొద్ది సెకన్లు మాత్రమే. అయినా ఆ కొద్దిసేపటిలోనే వంతెనలు కూలాయి, ఆస్పత్రులు దెబ్బతిన్నాయి, అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

కొండల పాదాన కొత్తగా నిర్మించిన ఆలివ్ వ్యూ ఆస్పత్రి ప్రధాన భవనం ఆనాడు ఒక వింత దృశ్యాన్ని మిగిల్చింది. పై అంతస్తులు ఇంచుమించు యథాతథంగా ఉన్నాయి. కింది అంతస్తు మాత్రం అడుగుకు మించి పక్కకు ఒరిగిపోయి, అలాగే ఆగిపోయింది. ఆ అంతస్తులో రెండు రకాల స్తంభాలు ఉన్నాయి. భవనం మూలల్లో ఉన్న స్తంభాలలో నిలువు కడ్డీల చుట్టూ రింగులు దూరదూరంగా కట్టి ఉన్నాయి. అవి నుజ్జునుజ్జు అయ్యాయి. వాటి కాంక్రీటు రాలిపోయింది, కడ్డీలు పక్కలకు ఉబికి వంగిపోయాయి. మిగిలిన స్తంభాలలో నిలువు కడ్డీల చుట్టూ మరొక కడ్డీని స్ప్రింగు వలె దగ్గర దగ్గరగా చుట్టి ఉన్నారు. వీటి పైపొర కూడా రాలిపోయింది. స్తంభాలు ఒరిగాయి. కాని ఆ చుట్టు లోపలి కాంక్రీటును జారిపోనివ్వలేదు, కడ్డీలను వంగనివ్వలేదు. అంతటి భవనపు బరువును మోస్తూ అవి నిలబడ్డాయి.

అదే భవనం, అదే ప్రకంపన. ఒక రకం స్తంభం చితికిపోగా మరొక రకం నిలిచింది. ఈ తేడాకు ముఖ్య కారణం నిలువు కడ్డీలను చుట్టి పట్టుకున్న సన్నని ఉక్కు. పునాది లోతును గురించి, సిమెంటు నాణ్యతను గురించి, కడ్డీల లావును గురించి శ్రద్ధ వహించే ఇంటి యజమానులు సైతం సాధారణంగా పట్టించుకోని వస్తువు అది.

రెండు లోహాల వంటి స్నేహం

కాంక్రీటుకు ఒక పెద్ద గుణం, ఒక పెద్ద లోపం ఉన్నాయి. నొక్కితే అది రాయి వలె ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం తాను మోయగల నొక్కుడులో దాదాపు పదోవంతుకే పగిలిపోతుంది. ఉక్కు లాగుడును అలవోకగా భరిస్తుంది. ఈ రెంటినీ కలపవచ్చునని తొలినాళ్లలో గుర్తించిన వారిలో ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే ఒకడు. సిమెంటు పూలతొట్లు పగలకుండా వాటిలో ఇనుప తీగలల్లి 1867లో ఆయన పేటెంటు పొందాడు. నేడు ప్రపంచమంతటా లేస్తున్న భవనాలలో అత్యధిక భాగం ఆ కలయిక మీదనే ఆధారపడి ఉన్నాయి.

మామూలు రోజులలో ఈ కాపురం సాఫీగా సాగుతుంది. దూలం అడుగున లాగుడు వచ్చే చోట కడ్డీ ఉంటుంది. స్తంభంలో బరువు పైనుంచి కిందికి దిగుతుంది, కాంక్రీటు, ఉక్కు దానిని పంచుకుంటాయి. ఏ కడ్డీ పని ఏమిటో ముందుగానే తెలుసు.

భూకంపం ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. నేల తూర్పుకు కదిలితే భవనం వెనుకబడుతుంది. మరుక్షణం నేల పడమరకు తిరుగుతుంది. స్తంభం ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది. ఇప్పుడు లాగబడుతున్న కడ్డీయే అర సెకను తరువాత నొక్కబడుతుంది. ఆ తరువాత మళ్లీ లాగబడుతుంది. ఇటువంటి రాకపోకలను తట్టుకోవడమే కడ్డీకి అసలైన పరీక్ష.

ఇంత బలాన్ని పూర్తిగా ఎదిరించి, ఇసుమంతయినా చలించని భవనాలను కట్టడం సాధ్యమే. కాని ఖర్చు భరించలేనిది. అందుచేత ఇంజనీర్లు మరొక మార్గం ఎంచుకున్నారు. పెద్ద భూకంపంలో ఎంపిక చేసిన చోట్ల ఉక్కు సాగవచ్చును, కాంక్రీటు పగలవచ్చును, భవనం దెబ్బతినవచ్చును. కాని అది కూలిపోరాదు, లోపలివారు బయటపడాలి. తెగకుండా సాగే ఈ గుణాన్ని తాంతవత అంటారు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పార్క్, థామస్ పౌలే అనే ఆచార్యులు 1975లో వెలువరించిన గ్రంథం ఈ విధానాన్ని ప్రపంచంలోని ఇంజనీర్లకు బోధించిన ముఖ్య రచనలలో ఒకటి. ఈ విధానమంతా ఒక్క నమ్మకంపై నిలిచి ఉంది. ఉక్కు సాగాలి, సాగిన తరువాత తిరిగి నొక్కినప్పుడు వంకర పోకూడదు.

పగులులో ఒంటరి కడ్డీ

మనదేశంలో విరివిగా వాడిన 415 శ్రేణి ఉక్కును ఉదాహరణగా తీసుకుందాం. మీటరు పొడవు గల కడ్డీని లాగితే రెండు మిల్లీమీటర్ల వరకు అది రబ్బరు వలె సాగుతుంది. వదిలితే మళ్లీ మొదటి పొడవుకు వస్తుంది. ఆ హద్దు దాటితే ఉక్కు లొంగిపోతుంది. ఆపైన సాగిన పొడవు శాశ్వతంగా మిగిలిపోతుంది.

భూకంపంలో స్తంభం ఒక పక్కకు బలంగా వంగినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. లాగుడు పడిన వైపున కాంక్రీటు బీట వారుతుంది. ఆ బీటను దాటే కడ్డీ లొంగి పొడవవుతుంది. మరుక్షణం స్తంభం రెండో వైపుకు ఊగుతుంది. బీట మూసుకోవాలి. కాని కడ్డీ పొడవు పెరిగి ఉంది కనుక బీట వెంటనే మూసుకోదు. బీట అంచులు మళ్లీ ఒకదానినొకటి తాకేవరకు నొక్కుడు భారాన్ని కాంక్రీటు పంచుకోలేదు. ఆ కొద్ది క్షణాలలో ఆ భారమంతా ఒంటరి కడ్డీ మీదనే పడుతుంది.

ఆ కష్టకాలంలో ఉక్కు కూడా పూర్తి బలంతో ఉండదు. 1880 దశకంలో మ్యూనిక్ నగరంలో లోహాలను పరీక్షిస్తుండిన జర్మన్ ఆచార్యుడు యోహాన్ బౌషింగర్ ఒక విచిత్రాన్ని గుర్తించాడు. ఒకసారి హద్దుమీరి లాగిన లోహాన్ని తిరిగి నొక్కితే, అది మునుపటి హద్దు వరకు ఆగదు. అంతకంటె ముందుగానే లొంగడం మొదలుపెడుతుంది. ఈ లక్షణానికి ఆయన పేరే స్థిరపడింది. అంటే ఏ క్షణంలో కడ్డీ గట్టిగా నిలవాలో ఆ క్షణంలోనే దాని బిగువు సడలుతుంది.

ఇక సన్నని పొడవైన వస్తువులను నిలువునా నొక్కితే ఏమవుతుందో అందరికీ తెలుసు. చీపురు పుల్లను రెండు చివరలా పట్టి నొక్కితే అది చితకదు, పక్కకు విల్లులా వంగుతుంది. అదే పుల్లను అంగుళం ముక్కగా తుంచి నొక్కితే వంచడం కష్టం. ఈ విషయానికి గణిత రూపం ఇచ్చినవాడు స్విట్జర్లాండ్‌లో పుట్టిన లియొనార్డ్ ఆయిలర్. 1744లో ఆయన చూపిన సూత్రం ప్రకారం, ఆధారం లేని పొడవును సగం చేస్తే వంగకుండా మోయగల భారం నాలుగింతలవుతుంది. లొంగిపోయిన ఉక్కుకు ఈ లెక్క అచ్చంగా వర్తించదు గాని, దాని సారం వర్తిస్తుంది. ఆధారాల మధ్య దూరం పెరిగే కొద్దీ కడ్డీ త్వరగా వంగుతుంది.

స్తంభంలోని కడ్డీకి ఆ ఆధారాలే రింగులు. రింగుకూ రింగుకూ మధ్య ఉన్న దూరమే కడ్డీకి ఆధారం లేని పొడవు. పైనున్న కాంక్రీటు పొర కొంత అండగా నిలుస్తుంది కాని, గట్టి ఊపు వచ్చేసరికి ముందుగా రాలిపోయేది అదే. 1992లో ఇటలీకి చెందిన మోంటి, నూటి అనే పరిశోధకులు కడ్డీలను విడిగా యంత్రంలో బిగించి, లాగుతూ, నొక్కుతూ చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ఆధారాల మధ్య దూరం కడ్డీ మందానికి ఐదింతలు ఉన్నప్పుడు నొక్కుడులో దాని బలం నిలకడగా ఉంది. పదకొండింతలు ఉన్నప్పుడు లొంగిన కొద్దిసేపటికే కడ్డీ వంగి, బలం జారిపోయింది. రెండు కడ్డీలూ అదే ఉక్కు. మారినది దూరం మాత్రమే.

వంగినప్పుడు కాదు, తిన్నబడినప్పుడు

వంగిన కడ్డీ అంతటితో పనికిరాకుండా పోతుందని అనుకోనక్కరలేదు. భవనం తిరిగి రెండో వైపుకు ఊగినప్పుడు అది మళ్లీ లాగబడి తిన్నగా అవుతుంది. చూపరికి ఏమీ జరగనట్లే ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

ఇనుప తీగను చేతితో తెంచవలసి వచ్చినప్పుడు ఎవరూ దానిని లాగరు. ఒకే చోట అటూ ఇటూ వంచుతారు. నాలుగైదు మార్లు వంచేసరికి అది వేడెక్కి పుటుక్కున తెగుతుంది. లాగుడుతో తెగని లోహం వంపులతో అలసిపోతుంది. కడ్డీ వంగినప్పుడు దాని లోపలి వంపు తీవ్రంగా నలుగుతుంది. కాంక్రీటుకు పట్టు దొరకడానికి కడ్డీ పైన ఉండే గాట్ల మొదళ్ల వద్ద, ఆ నలిగిన చోట, కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. కడ్డీ తిరిగి తిన్నబడేటప్పుడు ఆ పగుళ్లు నోరు తెరుస్తాయి. ఒకటి రెండు ఊపుల తరువాత లాగుడు మధ్యలో కడ్డీ తెగిపోతుంది.

వేలాది రైళ్లు నడిచిన తరువాత వంతెన ఉక్కుకు వచ్చే అలసట వేరు. అక్కడ ఊపులు లక్షలలో ఉంటాయి, ఒక్కొక్కటి స్వల్పమైనది. భూకంపంలో ఊపులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి, కాని ఒక్కొక్కటి ఘోరమైనది. ఈ రెండో తరహా అలసటకు 1950 దశకంలో అమెరికాకు చెందిన కాఫిన్, మాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా ఒక సూత్రాన్ని కనుగొన్నారు. వారు పరిశీలించినది యంత్రభాగాలను. తరువాతి తరం ఇంజనీర్లు అదే సూత్రాన్ని భవనాల కడ్డీలకు అన్వయించారు.

కనుక భూకంపంలో కడ్డీ మరణం మూడు మెట్లలో జరుగుతుంది. మొదట లాగుడులో పొడవవుతుంది. తరువాత నొక్కుడులో వంగుతుంది. చివరకు మళ్లీ లాగినప్పుడు తెగుతుంది. మొదటి మెట్టును ఆపనక్కరలేదు, ఉక్కు సాగడమే మనకు కావలసినది. మూడో మెట్టును ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. మనిషి చేయి అడ్డు పెట్టగలిగినది రెండో మెట్టు వద్దనే, ఆ అడ్డు రింగు రూపంలోనే.

క్రైస్ట్‌చర్చ్ నేర్పిన పాఠం

పార్క్, పౌలే పనిచేసిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు క్రైస్ట్‌చర్చ్. 2011 ఫిబ్రవరి 22న మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకు ఆ ఊరినే భూకంపం తాకింది. 185 మంది మరణించారు. వారిలో 115 మంది ఒక్క సీటీవీ భవనంలోనే ప్రాణాలు విడిచారు. అది ఆరు అంతస్తుల భవనం, 1980 దశకపు ద్వితీయార్ధంలో కట్టినది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి విదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఎందరో ఆ సమయంలో అందులో ఉన్నారు. భవనం కొద్ది సెకన్లలో నేలమట్టమైంది.

న్యూజిలాండ్ ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ ఈ విషాదానికి పలు కారణాలను పేర్కొన్నది. భవనం రూపంలో సమతూకం లేదు. దూలాలు, స్తంభాలు కలిసే చోట్లు పెళుసుగా ఉన్నాయి. స్తంభాలకు సాగే గుణం లేదు. 400 మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ గుండ్రని స్తంభాలలో నిలువుగా ఉన్నవి 20 మిల్లీమీటర్ల కడ్డీలు. వాటిని చుట్టినది 6 మిల్లీమీటర్ల సన్నని చుట్టు, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 250 మిల్లీమీటర్లు. అంటే కడ్డీ మందానికి పన్నెండున్నర రెట్లు. ఆలివ్ వ్యూ ఆస్పత్రి కథ ప్రపంచానికి తెలిసిన పదిహేనేళ్ల తరువాత, ఆ విద్యకు పీఠమైన ఊరిలోనే అటువంటి స్తంభాలు లేచాయి. శాస్త్రం గ్రంథంలో ఉన్నంత మాత్రాన స్తంభంలోకి రాదు.

అదే ఊరిలోని గ్యాలరీ అపార్ట్‌మెంట్స్ అనే కొత్త బహుళ అంతస్తుల భవనం కూలలేదు. కాని దాని గోడలో ఏర్పడిన ఒక పగులు వద్ద కాంక్రీటు తొలగించి చూడగా లోపలి నిలువు కడ్డీలు తెగి ఉన్నాయి. పెద్ద భూకంపం తరువాత నిలిచి ఉన్న భవనమంతా క్షేమమేనని చెప్పలేమని ఆ గోడ హెచ్చరించింది. పైకి కనిపించే బీట చిన్నదైనా, దానిని దాటే కడ్డీ ఎంత సాగినదో, ఎన్ని మార్లు వంగి తిన్నబడినదో పరీక్షించకుండా ఆ ఇంట కాపురం ఉండరాదు.

మన నేల, మన నియమాలు

మనదేశానికి ఈ పాఠం 2001 జనవరి 26 ఉదయం అందింది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో పుట్టిన భూకంపం పదమూడు వేలకు పైగా ప్రాణాలు తీసింది. భుజ్ పట్టణం నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు. వాహనాలు నిలపడానికి స్తంభాలను మాత్రమే ఉంచి ఖాళీగా వదిలారు. ఊపు భారమంతా ఆ స్తంభాల కొనల మీద పడింది. అక్కడ రింగులు దూరదూరంగా ఉన్నాయి. వాటి కొనలను లంబకోణంలో వంచి వదిలారు. కాంక్రీటు పొర రాలగానే రింగు విడిపోయింది, కడ్డీలు బయటికి ఉబికాయి.

నిజానికి ఇటువంటి స్తంభాలను నివారించే భారతీయ ప్రమాణం, ఐఎస్ 13920, 1993లోనే వెలువడింది. 2016లో దానిని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. దాని సారాన్ని ఒక చిన్న లెక్కలో చూడవచ్చును. 300 మిల్లీమీటర్ల చతురస్రాకారపు స్తంభం, అందులో 16 మిల్లీమీటర్ల కడ్డీలు ఉన్నాయనుకుందాం. భూకంపాన్ని లెక్కలోకి తీసుకోని సాధారణ నియమం ప్రకారం రింగుల మధ్య దూరం కడ్డీ మందానికి పదహారింతల వరకు, అంటే 256 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చును. భూకంప ప్రమాణం స్తంభం కొనల వద్ద మూడు హద్దులు పెట్టింది. స్తంభం వెడల్పులో నాలుగోవంతు, కడ్డీ మందానికి ఆరింతలు, 100 మిల్లీమీటర్లు. వీటిలో ఏది తక్కువైతే అది పాటించాలి. ఈ స్తంభానికి అది 75 మిల్లీమీటర్లు. కడ్డీ మందానికి ఆరింతలన్న హద్దు 2016 సవరణలో చేరినది. కడ్డీ వంగడాన్ని అరికట్టే నియమం అది.

ఈ దగ్గరి రింగులు స్తంభం పొడవునా అవసరం లేదు. దూలం కలిసే చోటు నుంచి కనీసం 450 మిల్లీమీటర్ల మేర, అంటే అడుగున్నర మేర, పైనా కిందా ఉండాలి. ఎత్తయిన, వెడల్పయిన స్తంభాలకు ఈ మేర ఇంకా పెరుగుతుంది. దూలమూ స్తంభమూ కలిసే ముడిలో కూడా రింగులు ఉండాలి. కడ్డీలు కిక్కిరిసి ఉండడం వల్ల పనివారు తరచుగా వదిలివేసేది ఈ ముడినే.

రింగు కొన సంగతి మరీ ముఖ్యం. లంబకోణంలో వంచిన కొన కాంక్రీటు పైపొరలో ఉండిపోతుంది. పొర రాలితే దానికి పట్టు లేదు. అదే కొనను 135 డిగ్రీల వరకు, అంటే స్తంభం నడిబొడ్డు వైపు చూసేట్లు వంచితే, లోపలి కాంక్రీటు దానిని పట్టుకుంటుంది. వంపు తరువాత కొన కనీసం 65 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. ఒక రింగుకు అదనంగా పట్టే కడ్డీ మూడు నాలుగు అంగుళాలకు మించదు.

ఉక్కు ఎంపికలోనూ వివేకం కావాలి. బలం పెరిగే కొద్దీ సాగే గుణం తగ్గే అవకాశం ఉంది. 500 శ్రేణి కడ్డీ తెగేలోగా కనీసం 12 శాతం సాగాలని ప్రమాణం చెబుతుంది. అదే శ్రేణిలో డి అక్షరం చేర్చిన రకానికి ఆ కనీసం 16 శాతం. బలం రెంటికీ ఒకటే. భూకంపం వచ్చే నేలలో ఈ రెండోదే మేలు.

ఏ నేలలో రాదు? కోయనా 1967లో కంపించింది, భద్రాచలం 1969లో, లాతూరు 1993లో. కదలదనుకున్న దక్కను పీఠభూమి కూడా అప్పుడప్పుడు కదిలింది.

కాంక్రీటు పోయకముందు

భవనం కట్టేచోట రింగులు వంచే మనిషి సాధారణంగా ఒక మూల కూర్చుని ఉంటాడు. బల్ల మీద మేకులు కొట్టి, పట్టాతో కడ్డీని తిప్పి, రోజుకు వందలాది రింగులు వంచుతాడు. ఇంజనీరు గీసిన పటం అతని చేతికి రాకపోవచ్చును. కొనను మరికాస్త లోపలికి తిప్పడానికి మరికొంత బలం, మరికొంత సమయం పడతాయి. లెక్కకు కూలి కట్టే చోట ఆ సమయానికి విలువ లేదు. అది ఎందుకు అవసరమో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. చెబితే మాత్రం తప్పక చేయగల పని అది.

ఇల్లు కట్టించే గృహస్థునికి ఆయిలర్ సూత్రం తెలియనక్కరలేదు. కాంక్రీటు పోసే రోజు ఉదయం, పలకలు బిగించకముందు, స్తంభాల మొదట, చివర ఒక్కసారి చూస్తే చాలు. రింగుకూ రింగుకూ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయా, జానెడు దూరం ఉందా? కొనలు లోపలికి చూస్తున్నాయా, గోడ వెంట వాలి ఉన్నాయా? దూలం కలిసే ముడిలో రింగులు వేశారా, లేదా? తప్పు కనిపిస్తే అప్పుడే ఆపి సరిచేయించవచ్చును. దానికి పట్టేది ఒక పూట పని, కొద్ది కిలోల ఉక్కు.

మధ్యాహ్నానికి కాంక్రీటు పడుతుంది. ఆ తరువాత ఆ రింగులను ఎవరూ చూడలేరు. అవి ఎలా కట్టి ఉన్నాయో తేలేది భూమి కదిలిన నాడే.